వైద్యుని పేరు, అంతర్జాలపు నక్షత్రాలు

రక్తపుపోటు, మధుమేహం, మూత్రపిండాల వ్యాధుల గురించి చదువుదామని వచ్చినవారికి ఈసారి వేరే సంగతి చెప్పబోతున్నాను. జబ్బు చేసినప్పుడు మీరు వైద్యుని ఎలా వెదుకుతున్నారు, ఆ వెదుకులాటలో మీకు కనిపించే పేర్లు అక్కడికి ఎలా చేరుతున్నాయి అన్నది విషయం. ఇందులో నా తప్పు ఒకటి ఉంది. చాలాకాలం ఎవరికీ చెప్పుకోలేదు. వృత్తి నుంచి విరమించుకొని కొన్నేళ్ళు గడిచాయి కనుక ఇప్పుడు మొహమాటం కొంత తగ్గింది.

2018 చివరలో ఒక సాయంత్రం, మా ఊరి ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయులుగా పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న పెద్దాయన ఒకరు రక్తపుపోటు చూపించుకోవడానికి వచ్చారు. ఇరవై ఏళ్ళుగా నా వద్దకు వస్తున్నవారు. ఆయన చేతికి పట్టీ చుట్టి గాలి కొడుతూ ఉండగా, రెండో చేత్తో తన ఫోను నా ముందుకు జరిపి, "డాక్టరు గారూ, మీరు మోకాళ్ళ ఆపరేషన్లు ఎప్పటి నుంచి చేస్తున్నారు?" అని అడిగారు. నవ్వుతూనే అడిగారు. తెరమీద నా పేరు, మా క్లినిక్ చిరునామా, వాటి క్రింద ఎవరో వ్రాసిన సమీక్ష ఉన్నాయి. మా అమ్మగారికి రెండు మోకాళ్ళూ మార్చారు, మూడవ రోజుకే నడిచారు, ఈ డాక్టరు గారి హస్తవాసి గొప్పది అని దాని సారాంశం. అయిదుకు అయిదు నక్షత్రాలు. నేను సాధారణ వైద్యుణ్ణి. హౌస్ సర్జన్‌గా చేసిన సంవత్సరం తరువాత శస్త్రచికిత్స గదిలో అడుగు పెట్టిన సందర్భాలు వ్రేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

ఆ రోజు ఆయన రక్తపుపోటు 130/80. నాది చూసుకోలేదు.

ఆ సమీక్ష ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. దానికి నేనే డబ్బు చెల్లించాను.

గుంటూరు జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో 1984లో క్లినిక్ పెట్టాను. మొదట్లో పేరు అన్నది నోటిమాటగా పాకేది. ఒక ఊరిలో ఒకరికి టైఫాయిడ్ తగ్గితే ఆ ఊరినుంచి పదిమంది వచ్చేవారు, ఒకరికి తగ్గకపోతే ఆ ఊరు కొంతకాలం కనిపించేది కాదు. ఆ నోటిమాట న్యాయమైనదేనని నేను అనను. తగ్గే జ్వరం తనంతట తాను తగ్గినా కీర్తి వైద్యునికే దక్కేది, తగ్గని కర్కట వ్యాధికి అపకీర్తీ అతనికే దక్కేది. అయితే మాట చెప్పేవాడు ఎవరో వినేవాడికి తెలుసు. ఫలానా వీధిలో ఫలానావారి అల్లుడు చెప్పాడంటే, అతడు ఎలాంటివాడో కూడా లెక్కలోకి వచ్చేది.

2015 తరువాత పరిస్థితి మారింది. చవకైన ఫోనులు ప్రతి చేతికీ వచ్చాయి. మా వీధి చివర పెద్ద అద్దాల ఆసుపత్రి ఒకటి వెలిసింది. రోజుకు నలభైమందిని చూసేవాడిని పాతికమందికి దిగాను. ఆ సమయంలో హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా అన్నయ్య కుమారుడు పండుగకు వచ్చి, "బాబాయ్, నువ్వు గూగుల్లో లేవు. లేనివాడివి ఎవరికి కనిపిస్తావు?" అన్నాడు. వాడి మాటలో దురుద్దేశం లేదు. నెల తిరగకుండా ఇద్దరు యువకులు లాప్‌టాప్ పట్టుకొని వచ్చారు. "సార్, మీకు ఇంత మంచి పేరు ఉండి కూడా మ్యాపులో లేరు సార్" అంటూ మొదలుపెట్టారు. వెదికినవారికి మా క్లినిక్ మొదట కనిపించేటట్లు చేస్తామన్నారు. ఎవరైనా చెడుగా వ్రాస్తే దానిని అడుగుకు తోసివేస్తామన్నారు. నెలకు 12,000 రూపాయలు.

ఎలా చేస్తారని నేను అడగలేదు. ఇక్కడే నా తప్పు మొదలయింది. మందు చీటీ మీద ఒక్క అక్షరం తేడా వస్తే మందుల దుకాణానికి ఫోను చేసి సరిదిద్దే అలవాటున్న నేను, నా పేరుతో ఊరందరికీ కనిపించబోయే వ్రాత గురించి ఒక్క ప్రశ్న కూడా వేయకుండా చెక్కు వ్రాసి ఇచ్చాను.

మీకు ఈ యంత్రాంగం కొంత తెలియాలి. "నాకు దగ్గరలో మంచి డాక్టరు" అని మీరు ఫోనులో వెదికినప్పుడు, మ్యాపుతో పాటు కనిపించే వరుసను నిర్ణయించే అంశాలు ప్రధానంగా మూడని గూగుల్ సంస్థే ప్రకటించింది. మీరు వెదికిన మాటకు ఆ చోటు ఎంత సరిపోతుంది, మీకు ఎంత దూరంలో ఉంది, దానికి ఎంత ప్రాముఖ్యం ఉంది. ఈ మూడవదానిలో ఎందరు సమీక్షలు వ్రాశారు, ఎన్ని నక్షత్రాలు ఇచ్చారు, ఇతర వెబ్‌సైట్లలో ఆ పేరు ఎంతగా కనిపిస్తోంది అన్నవి చేరుతాయి. గమనించండి. ఆ వైద్యుడు రోగనిర్ణయం సరిగా చేస్తాడా, అనవసరపు పరీక్షలు వ్రాస్తాడా, అవసరమైనప్పుడు పై ఆసుపత్రికి పంపుతాడా అన్నవి ఈ మూడింటిలో ఎక్కడా లేవు. ఉండడానికి వీలు లేదు కూడా. యంత్రానికి కనిపించేది వ్రాసినదే. ఇక వరుసకు పైన "స్పాన్సర్డ్" అన్న చిన్న అక్షరాలతో ఉండేవి డబ్బు కట్టి పెట్టించుకొన్న ప్రకటనలు. పత్రికలో ప్రకటనకూ వార్తకూ తేడా మనకు ఇట్టే తెలుస్తుంది. ఫోనులో, అందులోనూ ఇంట్లో ఒకరు నొప్పితో మూలుగుతూ ఉండగా, ఆ చిన్న అక్షరాలు ఎవరికి కనబడతాయి?

ఆ యువకులు నక్షత్రాలను టోకుగా తెచ్చారు. ఒకే వారంలో నలభైకి పైగా సమీక్షలు. ప్రధానోపాధ్యాయులు వెళ్ళిన తరువాత ఆ రాత్రి కూర్చొని అన్నీ చదివాను. వ్రాసినవారి పేర్లమీద నొక్కితే వారు అంతకుముందు వ్రాసిన సమీక్షలు కనిపించాయి. ఒకరు అదే రోజున ఎక్కడో ఉత్తరాదిన టైర్ల దుకాణాన్నీ, మరొక రాష్ట్రంలో అందాలశాలనూ, గుంటూరు జిల్లాలో నన్నూ మెచ్చుకొన్నారు. చదువుతుంటే నవ్వు వచ్చింది, తరువాత రాలేదు. మర్నాడు ఫోను చేసి వాటిని తీసివేయమన్నాను. "సార్, తీసేస్తే రేటింగు పడిపోతుంది సార్" అన్నారు. పడిపోనీయండి అన్నాను. సరేనన్నారు, తీయలేదు. నేనూ పట్టుబట్టలేదు. ఆ రెండు నెలలలో రోగుల సంఖ్య కొంత పెరిగిన మాట వాస్తవం. పట్టుబట్టకపోవడానికి అది కారణం కాదని నన్ను నేను నమ్మించుకొన్నాను.

2019 జనవరిలో ఒక ఉదయం క్లినిక్ తెరవగానే ప్రక్కనున్న బట్టల దుకాణపు రాత్రి కాపలాదారు వచ్చి నిలబడ్డాడు. "అయ్యా, రాత్రి రెండింటప్పుడు ఒకాయన్ని ఆటోలో తెచ్చి మీ షట్టరు బాదారండి. గుండెల్లో నొప్పంట. చొక్కా అంతా తడిసిపోయి ఉందండి" అన్నాడు. నేను ఆశ్చర్యపోయాను. మా క్లినిక్ రాత్రి తొమ్మిదికి మూస్తాం. ఊరివారందరికీ ఆ సంగతి తెలుసు. ఆ వచ్చినవారు దూరపు పల్లెవారు. పదిహేను నిమిషాలు తలుపు కొట్టి, బోర్డు మీద ఉన్న నంబరుకూ ఫోనులో కనిపించిన నంబరుకూ చేసి, చివరకు కాపలాదారు చెబితే జిల్లా కేంద్రానికి బయలుదేరారట. బోర్డు మీది నంబరు క్లినిక్ లోపలి ఫోనుది. అది షట్టరు వెనుక మ్రోగుతూనే ఉందట.

ఫోను తీసి మా క్లినిక్ పుట చూశాను. "24 గంటలూ తెరచి ఉంటుంది" అని ఉంది. నా నంబరు ఉండవలసిన చోట మరేదో నంబరు ఉంది. ఆ యువకులను అడిగితే తాపీగా చెప్పారు. రాత్రిపూట వెదికేవారికి తెరచి ఉన్న చోట్లే ముందుగా చూపుతుంది కనుక అలా పెట్టారట. ఎన్ని ఫోనులు వస్తున్నాయో లెక్క చూపడానికి తమ నంబరు పెట్టారట. రాత్రిళ్ళు దానిని ఎత్తేవారు ఉండరట. ఇంకొక సంగతి కూడా అప్పుడే బయటపడింది. ఆ పుటను వారు తమ ఈ-మెయిలుతో తయారుచేశారు. నా క్లినిక్ సమాచారం మార్చే అధికారం నాకు లేదు.

గుండెపోటులో హృద్ధమని పూర్తిగా మూసుకొనిపోయిన తరువాత అరగంట అటూ ఇటూగా కండరం చనిపోవడం మొదలవుతుంది. ఆ నష్టం గంటలు గడిచేకొద్దీ వ్యాపిస్తుంది. గడ్డను కరిగించే మందు ఇచ్చినా, బెలూన్‌తో ధమనిని తెరచినా ఎంత త్వరగా జరిగితే అంత కండరం మిగులుతుంది. ఈ సంగతి ఈ పుటలలోనే ఎన్నిసార్లు వ్రాశానో! ఆ మనిషి వయస్సు యాభై రెండు. ఇంటినుంచి జిల్లా కేంద్రానికి నేరుగా పోయే దారి వేరు. మా క్లినిక్ కోసం ప్రక్కకు తిరిగి వచ్చి, తలుపు వద్ద నిలబడి, మళ్ళీ వెళ్ళడంలో నలభై నిమిషాలు పోయాయి.

ఆయన బ్రతికారు. నెల తరువాత ఆయన కుమార్తె కాగితాలు తీసుకొని మా క్లినిక్‌కే వచ్చింది. డిగ్రీ చదువుతున్న అమ్మాయి. ఆ రాత్రి ఫోనులో వెదికింది తనే. ఎకో కార్డియోగ్రామ్‌లో ఎడమ జఠరిక ప్రతి స్పందనకూ బయటకు పంపే రక్తం 35 శాతం అని ఉంది. సాధారణంగా అది 55కు పైన ఉండాలి. ఆ నలభై నిమిషాలు పోకుండా ఉంటే అది ఎంత ఉండేదో ఏ వైద్యుడూ లెక్కగట్టి చెప్పలేడు. నేనూ చెప్పలేను. అమ్మాయి నన్ను నిందించలేదు. "మ్యాపులో తెరిచి ఉందని ఉందండీ, అందుకే నాన్నని ఇటు తీసుకొచ్చాం" అని, తానేదో పొరపాటు చేసినట్లుగా తల వంచుకొంది. నీ పొరపాటు కాదమ్మా అన్నాను. మరి ఎవరిదో ఆ రోజు చెప్పలేకపోయాను. తరువాత ఒకనాడు తండ్రీకూతుళ్ళు ఇద్దరూ ఉండగా చెప్పాను. ఆయన కొంచెంసేపు ఊరుకొని, "పోనీలెండి డాక్టరు గారూ, ప్రాణం మిగిలింది కదా" అన్నారు. పొలం పనికి మాత్రం మళ్ళీ వెళ్ళలేకపోయారు.

పుట యాజమాన్యాన్ని తిరిగి పొందడానికి చాలా వారాలు పట్టింది. గూగుల్‌కు అభ్యర్థన పెట్టాలి. ప్రస్తుతం ఎవరి చేతిలో ఉందో వారికి సందేశం పోతుంది, వారు స్పందించకపోతే మన గుర్తింపును రుజువు చేసుకోవాలి. మా అన్నయ్య కుమారుడే దగ్గరుండి చేశాడు. వాడి ముఖంలో కూడా కళ లేదు. వేళలు సరిదిద్దాము, నంబరు మార్చాము, కొనుక్కొన్న సమీక్షలను నకిలీవని మేమే ఒక్కొక్కటిగా ఫిర్యాదు చేశాము. కొన్ని పోయాయి, కొన్ని మిగిలాయి. మోకాళ్ళ ఆపరేషన్ మాత్రం చాలాకాలం పోలేదు. ప్రధానోపాధ్యాయులు వచ్చినప్పుడల్లా కుశలం అడిగినట్లు దాని సంగతి అడిగేవారు.

ఇదంతా తెలియక చేసిన పని అని తప్పించుకోవడానికి నాకు దారి లేదు. భారతీయ వైద్య మండలి 2002లో ప్రకటించిన వృత్తి ప్రవర్తనా నియమావళిలో, రోగులను ప్రత్యక్షంగా గాని పరోక్షంగా గాని ఆకర్షించడానికి ప్రయత్నించడం వైద్యునికి తగని పని అని స్పష్టంగా ఉంది. క్లినిక్ ప్రారంభం, చిరునామా మార్పు, సెలవుపై వెళ్ళడం, తిరిగి రావడం, రుసుముల వివరం వంటివాటిని మాత్రమే పత్రికలో ప్రకటించుకోవచ్చు. బోర్డు మీద స్వంత ఫోటో వేసుకోవడం కూడా ఆ నియమావళి దృష్టిలో స్వోత్కర్షే. ఇప్పుడు మన పట్టణాల కూడళ్ళలో ఆకాశాన్నంటే వైద్యుల బొమ్మలను చూస్తే ఆ నియమం ఏ లోకానిదో అనిపిస్తుంది. 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ ప్రకటించిన కొత్త నియమాలు మరింత సూటిగా ఉన్నాయి. లైకులు, అనుచరులను కొనడం, వెదుకులాటలో పేరు పైకి రావడానికి డబ్బు చెల్లించడం, ఎక్కువ రేటింగు కోసం రుసుము తీసుకొనే యాప్‌లలో చేరడం, రోగులను ప్రశంసలు వ్రాయమని అడగడం తగవని వాటిలో వ్రాశారు. అదే నెలలో ఆ నియమాలను మొత్తంగా నిలుపుదల చేసి 2002 నాటి నియమావళినే కొనసాగించారు. నిలుపుదలకు ప్రధానంగా దారితీసిన వివాదాలు జనరిక్ మందుల పేర్లు వ్రాయడం వంటి వేరే అంశాలవి. అసలు బిడ్డతో పాటు ఇదీ కొట్టుకుపోయింది.

సమీక్షల విషయంలో మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఐ.ఎస్. 19000 అనే ప్రమాణాన్ని తెచ్చింది. వ్రాసినవారు నిజమైన వినియోగదారులేనా అని సరిచూడాలని, కొన్న సమీక్షలను ప్రచురించరాదని అందులో ఉంది. అది స్వచ్ఛందం. పాటించేవారు పాటిస్తారు. అమెరికాలో మాత్రం నకిలీ సమీక్షల క్రయవిక్రయాలను నిషేధించే నియమం 2024 అక్టోబరు నుంచి అమలులోకి వచ్చింది.

మీలో కొందరికి ఈపాటికి ఒక సందేహం వచ్చి ఉంటుంది. వైద్యుడు డబ్బిచ్చి పొగిడించుకోవడం తప్పే, మరి ఎవరో పనిగట్టుకొని తిడితే అతడు ఏం చేయాలి? న్యాయమైన ప్రశ్న. నాకూ అలాంటి అనుభవం ఉంది. వ్యక్తులను గుర్తుపట్టకుండా వివరాలు మార్చి చెబుతున్నాను. ఒక వివాహిత తన వ్యాధి సంగతి ఇంట్లో ఎవరికీ తెలియరాదని నన్ను కోరింది. ఆమెకు ఆ హక్కు ఉంది. కొన్నాళ్ళకు ఆమె అత్తవారి తరఫు బంధువు వచ్చి, మందుచీటీ బల్లమీద పెట్టి, ఈమెకు ఏం జబ్బో చెప్పమని గద్దించాడు. చెప్పనన్నాను. ఆ రాత్రి నా పేరు క్రింద ఒక్క నక్షత్రంతో సమీక్ష వచ్చింది. డబ్బు తీసుకొంటాడు, జబ్బేమిటో చెప్పడు, అహంకారి, ఎవరూ వెళ్ళవద్దు అని. దానికి నేను ఏమని జవాబు వ్రాయాలి? ఆమె నా రోగి అని ఒప్పుకొన్నా రహస్యం సగం బయటపెట్టినట్లే. ఊరుకొన్నాను. ఆ వాక్యాలు నేను క్లినిక్ మూసేవరకూ నా పేరు క్రిందనే ఉన్నాయి.

జవాబు వ్రాసి చిక్కుల్లో పడినవారు ఉన్నారు. అమెరికాలోని డల్లాస్ నగరంలో ఒక దంతవైద్యశాల తనను విమర్శించిన రోగికి అందరికీ కనిపించేలా బదులిస్తూ ఆ రోగి పేరు, చికిత్స, బీమా వివరాలు బయటపెట్టింది. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య శాఖతో 2019లో కుదిరిన ఒప్పందం ప్రకారం 10,000 డాలర్లు చెల్లించవలసి వచ్చింది. హోటలువాడు "మీరు ఆ రోజు పెసరట్టు తినలేదు, ఇడ్లీ తిన్నారు" అని ధైర్యంగా జవాబు వ్రాసుకోవచ్చు. వైద్యునికి ఆ వెసులుబాటు లేదు. కనుక మీరు ఏ వైద్యుని పేరు క్రిందనైనా జవాబు లేని నింద చూసినప్పుడు, ఆ మౌనాన్ని అంగీకారంగా తీసుకోకండి. యువ వైద్యులకు నా సలహా కూడా ఇదే. వ్రాయదలిస్తే మీ అసౌకర్యానికి విచారిస్తున్నాము, దయచేసి క్లినిక్‌కు ఫోను చేయండి అన్నంతవరకే వ్రాయండి. వాదన ఎంత సత్యమైనా అక్కడ వద్దు.

అన్ని నిందలూ అబద్ధాలు కావు. 2017లో ఒక తండ్రి రెండు నక్షత్రాలు ఇచ్చి వ్రాసిన మాటలు నాకు ఇప్పటికీ గుర్తు. జ్వరం తగ్గింది కదా అని ఊరుకొన్నాము, పిల్లవాణ్ణి మళ్ళీ ఎప్పుడు తీసుకురావాలో డాక్టరు సరిగా చెప్పలేదు, మూడో రోజు రాత్రి చేతులు చల్లబడితే వేరే ఆసుపత్రికి పరుగెత్తాము అని వ్రాశాడు. నేను చెప్పాననే నా నమ్మకం. నా పుస్తకం తీసి చూస్తే డెంగీ అనుమానం అని వ్రాసి ఉంది గాని, వారికి ఇచ్చిన చీటీ మీద హెచ్చరిక చిహ్నాలు వ్రాసిన జాడ లేదు. నలభైమంది నడుమ నోటితో గబగబా చెప్పి ఉంటాను. భయపడిన తండ్రి చెవికి అది ఎక్కి ఉండదు. తప్పు నాదే. డెంగీలో ప్రమాదకాలం జ్వరం దిగుతున్నప్పుడే మొదలవుతుంది. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి గాని ముక్కు నుంచి గాని రక్తం, మగత, చేతులు కాళ్ళు చల్లబడడం, మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి రావాలని పెద్ద అక్షరాలతో తెలుగులో అచ్చు వేయించి, ఆ వారం నుంచి జ్వరంతో వచ్చిన ప్రతివారి చేతిలోనూ పెట్టాను. ఆ తండ్రికి ఫోను చేసి క్షమించమని అడిగాను. అతడు సమీక్షను తీసివేస్తానన్నాడు. వద్దన్నాను. నలభై నకిలీ పొగడ్తలలో ఒక్కటీ నాకు ఏమీ నేర్పలేదు.

ఇక మీ సంగతి. నక్షత్రాల సగటును మరీ నమ్మకండి. పదిమంది వ్రాసినచోట తొమ్మిదిమంది అయిదు, ఒకరు ఒకటి ఇస్తే సగటు 4.6 అవుతుంది. ఆ ఒక్కరి కోపానికి కారణం పై చెప్పిన అత్తవారి బంధువుదీ కావచ్చు, డెంగీ బిడ్డ తండ్రిదీ కావచ్చు. అంకె రెండింటినీ ఒకే విధంగా చూపుతుంది. రోజుకు పాతికమంది చొప్పున చూసినా ఏడాదికి ఏడువేల పైచిలుకు రోగులను చూసినట్లు. నకిలీలు పోగా ఆ ఏళ్ళన్నిటిలో నా గురించి నిజంగా వ్రాసినవారు ముప్పైమందికి మించరు. మహదానందమో, మహాకోపమో కలిగినవారే కదా వ్రాస్తారు. మందు వేసుకొని తగ్గినవాడు తన పనిలో తాను పడతాడు. రేటింగులకూ, చికిత్స ఫలితాలకూ గట్టి సంబంధం కనిపించలేదని అమెరికాలో కొన్ని అధ్యయనాలు తేల్చాయి. 2012లో కాలిఫోర్నియా పరిశోధకులు యాభైవేలమందికి పైగా వివరాలు పరిశీలిస్తే, వైద్యుని పట్ల మిక్కిలి సంతృప్తి ప్రకటించినవారిలో ఆసుపత్రి చేరికలు, ఖర్చు, మరణాలు కూడా కొంత ఎక్కువగానే కనిపించాయి. సంతృప్తి వలన మరణించారని దాని అర్థం కాదు. అడిగిన ఇంజెక్షనూ, అడిగిన స్కానూ ఇచ్చే వైద్యుడు నచ్చుతాడు, ఆ నచ్చడం ఆరోగ్యానికి కొలబద్ద కాలేదు. జలుబుకు యాంటీబయాటిక్ వ్రాయనన్నందుకు నేను పోగొట్టుకొన్న నక్షత్రాలు కొన్ని ఉన్నాయి. వాటికి నాకు విచారం లేదు.

సమీక్షలు చదవవద్దని నేను అనను. రోగి తన కళ్ళతో చూసి తీర్పు చెప్పగలిగిన విషయాలలో వాటికి విలువ ఉంది. ఎంతసేపు కూర్చోబెట్టారు, మాట వినిపించుకొన్నారా, బిల్లులో చెప్పనివి వేశారా, మరుగుదొడ్డి శుభ్రంగా ఉందా, అడిగితే కాగితాలు ఇచ్చారా. కాగితాలు అడిగిన 72 గంటలలోపు ఇవ్వవలసిన బాధ్యత 2002 నియమావళి ప్రకారం వైద్యునిపై ఉంది. అయిదు, ఒకటి ఇచ్చినవారికన్న మూడు నక్షత్రాలు ఇచ్చినవారి మాటలు ముందు చదవండి. మంచీ చెడూ రెండూ చెప్పేది వారే. ఒకే వారంలో కుప్పగా వచ్చి పడిన ప్రశంసలు కనిపిస్తే వ్రాసినవారి పేరు నొక్కి, వారు ఇంకేమేమి మెచ్చుకొన్నారో చూడండి. టైర్ల దుకాణం తగలవచ్చు.

చదువు సంగతి సమీక్షలలో వెదకకండి. ప్రతి వైద్యుడూ తన రిజిస్ట్రేషన్ సంఖ్యను క్లినిక్‌లోనూ, మందుచీటీ మీదా చూపాలి. ఆ సంఖ్యను రాష్ట్ర వైద్య మండలి జాబితాలో గాని జాతీయ వైద్య కమిషన్ జాబితాలో గాని సరిచూసుకోవచ్చు. అయిదు నిమిషాల పని. నకిలీ వైద్యునికి నక్షత్రాలు దొరుకుతాయి గాని ఆ సంఖ్య అంత సులభంగా దొరకదు.

ఫోను నంబరు విషయంలో మరీ జాగ్రత్త. పెద్ద ఆసుపత్రి పేరు వెదికితే మోసగాళ్ళు పెట్టిన నంబరు తగలడం, అపాయింట్‌మెంటు ఖరారుకు అయిదు రూపాయలో పది రూపాయలో పంపమని ఒక లింకు ఇవ్వడం, అది నొక్కగానే ఖాతాలోని డబ్బు పోవడం ఇప్పుడు తరచుగా జరుగుతున్నాయి. మ్యాపులోని సమాచారాన్ని మార్చమని ఎవరైనా సూచించవచ్చు. కనుక నంబరును పాత మందుచీటీ నుంచో, బిల్లు నుంచో, ఆసుపత్రి స్వంత వెబ్‌సైటు నుంచో తీసుకోండి. అప్పటికే మోసపోయి ఉంటే ఆలస్యం చేయక 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపడానికి అంత వీలుంటుంది.

ఇంకొక మాట చెప్పకుండా ఉండలేను. ఈమధ్య మా బంధువు ఒకరు ఆసుపత్రి నుంచి ఇంటికి వస్తున్నప్పుడు బిల్లు కౌంటరు వద్ద ఒక అమ్మాయి ఫోను చేతిలో పెట్టి, "అంకుల్, ఫైవ్ స్టార్ ఇచ్చేయండి, అయిపోతుంది" అన్నదట. చేతికి ఇంకా దూది పట్టీ ఉంది. ఆ అమ్మాయిని ఏమనగలం, ఆమె ఉద్యోగం అది. కాని మీరు ఇవ్వనవసరం లేదు. ఇంటికి వెళ్ళి, పది రోజులు గడిచి, కుట్లు ఎండిన తరువాత, వ్రాయాలనిపిస్తే జరిగింది జరిగినట్లు వ్రాయండి.

2022లో క్లినిక్ మూసివేశాను. మ్యాపులోని పుటను "శాశ్వతంగా మూసివేయబడింది" అని నేనే స్వయంగా మార్చి, రెండు రోజులు వరుసగా తెరచి చూసుకొన్నాను. కాని మా పేరు పాత డైరెక్టరీ వెబ్‌సైట్లలో ఇంకా ఎక్కడెక్కడో మిగిలి ఉన్నట్లుంది. ఉత్తరాలు వ్రాస్తే కొందరు తీసివేశారు, కొందరు పలుకలేదు. అందుకని బోర్డు మీద ఉన్న ఆ పాత నంబరును రద్దు చేయించలేదు. ఇంటికి మార్పించుకొన్నాను. రాత్రిళ్ళు నా తలగడ ప్రక్కనే ఉంటుంది. మా ఆవిడ మొదట్లో విసుక్కొనేది. పోయిన నెలలో తెల్లవారుజామున మూడింటికి మ్రోగింది. ఎవరో కుర్రవాడు, గొంతు వణుకుతోంది, నాన్నకు ఛాతీ నొప్పి, క్లినిక్ తెరిచి ఉందా అని అడిగాడు. లేదు బాబూ, ఇటు రావద్దు, 108కి చెయ్యి అన్నాను. అంబులెన్సు వాకిట్లోకి వచ్చేవరకు ఫోను పెట్టనివ్వలేదు.